మైదా లేకుండా కరకరలాడే వాఫుల్స్: పిండి దగ్గర్నుంచి పళ్ళెం దాకా

మా అమ్మాయికి ఏడో ఏట సీలియాక్ వ్యాధి అని తేలింది. గోధుమలో, బార్లీలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ కొంచెం లోపలికి వెళ్ళినా పేగు దెబ్బతింటుంది, జీవితాంతం మానేయాల్సిందే అన్నారు డాక్టరు. భోజనం గురించి పెద్దగా టెన్షన్ పడలేదు. ఇడ్లీ, దోసె, పెసరట్టు, జొన్నరొట్టె ఎలాగూ ఉన్నాయి కదా. కానీ ఒకసారి ఫ్రెండ్ పుట్టినరోజుకి వెళ్ళి, అందరూ వాఫుల్స్ తింటుంటే తను అరటిపండు తిని ఇంటికొచ్చింది. చెప్పులు విప్పుతూనే, "అమ్మా, ఆ గళ్ళగళ్ళ దోసె మనింట్లో రాదా?" అని అడిగింది.

ఆ మాటలోనే దారి ఉందని నాకు చాలా రోజులకి గాని అర్థం కాలేదు. మొదట్లో నేను మైదా వాఫుల్ కొలతలే తీసుకుని, మైదా బదులు బియ్యప్పిండి పోసేదాన్ని. రాయిలా వచ్చేది, లేదంటే మెషీన్‌కి అతుక్కుపోయి రెండుగా చీలేది. దాన్ని కేకులా చూడటం మానేసి దోసెలా చూడటం మొదలుపెట్టాకే కుదిరింది. పిండి నానాలి, పెనం బాగా కాగాలి, కాలేదాకా చెయ్యి పెట్టకూడదు. ఇవి మనకి తెలియని సంగతులేం కావు.

ఒక జాగ్రత్త ముందే చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా గోధుమ పడటం లేదని అనుమానం ఉంటే, పరీక్ష చేయించకుండా సొంతంగా గోధుమ మానేయకండి. సీలియాక్ రక్తపరీక్ష గోధుమ తింటూ ఉండగా చేస్తేనే సరిగ్గా తేలుతుంది. ముందు పరీక్ష, ఆ తర్వాతే మానడం.

ఏ వాఫుల్ మనకి పనికొస్తుంది

వాఫుల్స్‌కి పుట్టినిల్లు బెల్జియం, దాని చుట్టుపక్కల దేశాలు. అక్కడ లియేజ్ నగరం పేరుతో ఉన్న రకం ఈస్ట్‌తో పొంగించిన గట్టి ముద్ద. మధ్యలో చక్కెర పలుకులు ఉంటాయి. అది దాదాపు బ్రెడ్ లాంటిది, దాని సాగుడంతా గ్లూటెన్‌దే. దాని జోలికి పోకండి, నిరాశే మిగులుతుంది. బ్రస్సెల్స్ రకం వేరు. పల్చటి పిండి, గిలక్కొట్టిన గుడ్డు తెల్లసొన, పైన కరకర, లోపల తేలిక. ఇక అమెరికాలో ఇళ్ళలో వేసేది బేకింగ్ పౌడర్ రకం. అక్కడ ట్రాయ్ అనే ఊరికి చెందిన కొర్నీలియస్ స్వార్ట్‌వౌట్ 1869 ఆగస్టు 24న పొయ్యి మీద తిప్పుకునే వాఫుల్ పెనానికి పేటెంట్ తీసుకున్నాడు. అందుకే ఆ తేదీని అక్కడ వాఫుల్ డేగా జరుపుకుంటారు.

మనం చేసేది ఈ రెండింటి కలయిక. అమెరికా రకంలా బేకింగ్ పౌడర్ వేస్తాం, బ్రస్సెల్స్ రకంలా తెల్లసొన గిలక్కొట్టి కలుపుతాం. మైదాలో గ్లూటెన్ ఒక వలలా అల్లుకుని గాలి బుడగల్ని పట్టి ఉంచుతుంది. బియ్యప్పిండికి ఆ వల లేదు. అందుకని ఆ పనిని ముగ్గురికి పంచాలి: తెల్లసొన నురగ గాలిని తెస్తుంది, స్టార్చ్ కాలాక గట్టిపడి పైన కరకర ఇస్తుంది, ఇసబ్‌గోల్ జిగురు అన్నిటినీ కలిపి పట్టి ఉంచుతుంది. మెడికల్ షాపుల్లో మలబద్ధకానికి అమ్మే ఇసబ్‌గోల్ పొట్టే ఇది. బేకింగ్ సామాన్ల షాపుల్లో దొరికే జాంతన్ గమ్ కూడా ఇదే పని చేస్తుంది గానీ, నాకు ఇసబ్‌గోల్‌తో వచ్చే మెత్తదనమే నచ్చింది.

పిండి విషయంలో తొందర వద్దు

సీలియాక్ ఉన్న ఇంట్లో అసలు కష్టం ఇక్కడే. బియ్యంలో గ్లూటెన్ లేదు, జొన్నల్లో లేదు. కానీ వీధి చివర పిండి మరలో (తెలంగాణలో గిర్నీ అంటాం) మనకంటే ముందు వచ్చినవాళ్ళు గోధుమలు పట్టించుకుని వెళ్ళి ఉంటారు. ఆ రాళ్ళ మధ్య మిగిలిన పిండి మన బియ్యప్పిండిలోకే వస్తుంది. కిరాణా షాపులో విడిగా అమ్మే ఇడ్లీ రవ్వ పక్కనే గోధుమ రవ్వ బస్తా ఉంటుంది, రెండింటికీ ఒకటే గరిటె. కళ్ళకి కనిపించదు గానీ పేగుకి తెలుస్తుంది.

అందుకే నేను పిండి ఇంట్లోనే చేసుకుంటాను. బియ్యం రెండుసార్లు కడిగి, నీళ్ళు వంచేసి, శుభ్రమైన బట్ట మీద నీడన పూర్తిగా ఆరబెట్టాలి. ఆరాక మిక్సీలో కొంచెం కొంచెంగా వేసి, మెత్తగా పట్టి, సన్నటి జల్లెడతో జల్లించాలి. మిగిలిన నూకని మళ్ళీ తిప్పాలి. అరిసెలకి కొట్టుకునే తడి పిండి దీనికి వద్దు. అందులో నీరు ఎంతుందో తెలియదు కాబట్టి పాల కొలత తప్పుతుంది. జొన్నలు అయితే పళ్ళెంలో పోసి, మధ్యలో గోధుమ గింజలేమైనా ఉన్నాయేమో ఏరి, కడిగి, ఆరబెట్టి పట్టుకోవాలి. జొన్నలు నలగడానికి ఎక్కువసేపు పడుతుంది. మిక్సీ వేడెక్కితే కాసేపు ఆపండి.

ఇంత ఓపిక లేనప్పుడు ప్యాకెట్ పిండి కొనుక్కోవచ్చు. కాకపోతే దాని మీద 'గ్లూటెన్ ఫ్రీ' అని ఉందో లేదో చూడండి. మన దేశంలో ఆహార భద్రతని చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లెక్క ప్రకారం, అలా రాసిన సరుకులో కిలోకి 20 మిల్లీగ్రాములకి మించి గ్లూటెన్ ఉండకూడదు. బేకింగ్ పౌడర్ డబ్బా మీద పదార్థాల పేర్లు కూడా చదవండి. అందులో కలిపే స్టార్చ్ మొక్కజొన్నదైతే ఫర్వాలేదు, గోధుమదైతే వద్దు. ఓట్స్ వాడాలనుకుంటే గ్లూటెన్ ఫ్రీ అని రాసినవే తీసుకోవాలి, అవీ డాక్టరుని అడిగాకే.

జొన్న బదులు వేరే చిరుధాన్యాలు వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. రాగి వేస్తే రంగు ముదురుతుంది, కొంచెం పొడిపొడిగా విరుగుతుంది, రుచి మాత్రం బెల్లంతో భలే ఉంటుంది. సజ్జ తాజాగా పట్టిందైతేనే వేయండి. సజ్జపిండిలో నూనె ఎక్కువ కాబట్టి త్వరగా ముక్కి చేదెక్కుతుంది. కొర్రపిండి చప్పగా, మెత్తగా ఉంటుంది, పిల్లలకి ఇబ్బంది ఉండదు. నా ఓటు మాత్రం తెల్ల జొన్నకే. కాలేటప్పుడు వచ్చే ఆ కమ్మటి వాసన ఇంకే పిండికీ రాదు.

కొలతలు

నలుగురికి సరిపడా, సుమారు 17 సెంటీమీటర్ల గుండ్రటి వాఫుల్స్ ఆరేడు వస్తాయి. చిన్న కిచెన్ త్రాసు ఉంటే తూచండి. ఇంట్లో పట్టిన పిండి ఒకసారి వదులుగా, ఒకసారి గట్టిగా కప్పులో పడుతుంది. గ్లూటెన్ లేని పిండిలో ఆ తేడా బాగా కనిపిస్తుంది.

బియ్యప్పిండి 120 గ్రాములు
జొన్నపిండి 80 గ్రాములు
కార్న్‌ఫ్లోర్ 40 గ్రాములు (మన షాపుల్లో ఈ పేరుతో అమ్మే తెల్లటి స్టార్చ్, పసుపు మొక్కజొన్న పిండి కాదు)
ఇసబ్‌గోల్ పొట్టు 1 టీస్పూను
పంచదార 20 గ్రాములు
ఉప్పు అర టీస్పూను
బేకింగ్ పౌడర్ 2 టీస్పూన్లు
గుడ్లు 2
పాలు 300 మి.లీ., సర్దుకోవడానికి ఇంకో 50 మి.లీ. పక్కన
కరిగించిన నెయ్యి లేదా వెన్న 70 గ్రాములు
రెండు ఏలకుల పొడి, లేదా వెనిల్లా ఎసెన్స్ 1 టీస్పూను

నెయ్యి ఎక్కువనిపించి తగ్గించకండి. వాఫుల్ కరకరకి సగం కారణం అదే, మెషీన్‌కి అతుక్కోకుండా కాపాడేదీ అదే.

అమెరికాలో ఉండే మనవాళ్ళకి ఒక్క మాట. కార్న్‌ఫ్లోర్ అంటే అక్కడ కార్న్‌స్టార్చ్ అని అడగాలి. పేరు చూసి కార్న్‌ఫ్లోర్ ప్యాకెట్ తెచ్చుకుంటే పసుపు పిండి చేతికొస్తుంది.

కలపడం, నానబెట్టడం

ముందు గుడ్లు పగలగొట్టి, తెల్లసొన ఒక గిన్నెలో, పచ్చసొన ఇంకో గిన్నెలో వేయండి. తెల్లసొన గిన్నెకి తడి, నూనె జిడ్డు ఉండకూడదు. పచ్చసొన చుక్క పడినా నురగ సరిగ్గా రాదు. పాలు గోరువెచ్చగా ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు పోస్తే కరిగిన నెయ్యి బిళ్ళలు కడుతుంది.

వెడల్పాటి గిన్నెలో పిండ్లు, స్టార్చ్, ఇసబ్‌గోల్, పంచదార, ఉప్పు వేసి పొడిగానే బాగా కలపండి. ఇసబ్‌గోల్ ఒకచోట కుప్పగా ఉండి తడి తగిలితే జెల్లీ గడ్డ అయి కూర్చుంటుంది. తర్వాత పచ్చసొన, పాలు, నెయ్యి, ఏలకుల పొడి కలిపి ఇందులో పోసి, ఉండలు లేకుండా గిలక్కొట్టండి. మైదా పిండి అయితే ఎక్కువ కలిపితే సాగుతుందని భయం. ఇక్కడ సాగడానికి ఏమీ లేదు కాబట్టి ఎంతసేపు కలిపినా నష్టం లేదు.

బేకింగ్ పౌడర్ ఇంకా వేయలేదని గమనించారా? అది ఆఖర్న.

ఇప్పుడు మూత పెట్టి అరగంట వదిలేయండి. నా మొదటి వాఫుల్స్ పంటి కింద ఇసుకలా తగలడానికి కారణం ఈ అరగంట ఇవ్వకపోవడమే. బియ్యప్పిండి రేణువు నీటిని నెమ్మదిగా పీల్చుకుంటుంది, ఇసబ్‌గోల్ కూడా ఈలోపు ఉబ్బుతుంది. కలిపినప్పుడు మజ్జిగలా అనిపించిన పిండి, అరగంట తర్వాత గరిటె పెడితే బరువుగా కదులుతుంది. గుంటగరిటెతో ఎత్తి వంచి చూడండి. సన్నటి ధారగా పడకూడదు, ఇడ్లీ పిండిలా ముద్దగా తెగిపడకూడదు. ఊతప్పం పిండిలా నిదానంగా జారాలి. మరీ గట్టిగా ఉంటే పక్కన పెట్టిన పాలు చెంచా చెంచా పోయండి.

మెషీన్

ఇంట్లో సీలియాక్ ఉంటే, మైదా వాఫుల్స్ వేసిన పాత మెషీన్ వద్దు. ఆ గళ్ళ మూలల్లో ఇరుక్కున్న తునకలు ఎంత తోమినా పూర్తిగా పోవు. చుట్టాలు వాడి ఇచ్చినది ఉచితంగా వస్తుంది గానీ, దాని బదులు చిన్నదైనా కొత్తది కొనుక్కోవడం మంచిది. అలాగే చపాతీ పిండి జల్లించే జల్లెడ, పుల్కాలు కాల్చే జాలీ, చెక్క గరిటెలు ఈ పనికి వాడకూడదు. మా ఇంట్లో అమ్మాయి వస్తువులకి ఎర్ర రిబ్బన్ ముక్క కట్టి ఉంటుంది. అత్తయ్యకి చత్వారం ఉన్నా ఇట్టే తెలిసిపోతుంది.

పిండి నానుతుండగానే మెషీన్ పెట్టండి. లైటు ఆరగానే పిండి పోసేయకుండా, ఇంకో ఐదు నిమిషాలు ఆగండి. పై పళ్ళెం కూడా బాగా కాగాలి. చేతిని తడిపి ఒక చుక్క చిలకరిస్తే, అది పరుచుకోకుండా పూసలా గెంతాలి. దోసె పెనానికి చూసే గుర్తే. తర్వాత సిలికాన్ బ్రష్‌తో నూనె రెండు పళ్ళేలకీ, ప్రతి గడి మూలకీ పలచగా రాయండి. డబ్బాలో వచ్చే స్ప్రే నూనెలు నాన్‌స్టిక్ మీద జిగట పొరలా పేరుకుంటాయి, వాటిని వాడొద్దు. మామూలు వెన్న రాస్తే అందులోని పాలపదార్థం మాడి నల్ల మచ్చలు పడతాయి.

తెల్లసొన, ఆఖరి రెండు నిమిషాలు

మెషీన్ సిద్ధమయ్యాకే తెల్లసొన గిలక్కొట్టండి, ముందే చేసి పెడితే నీరు దిగిపోతుంది. చేతి విస్క్‌తో అయితే నాలుగైదు నిమిషాలు చెయ్యి నొప్పెడుతుంది. ఎలక్ట్రిక్ బీటర్ ఉంటే నిమిషంన్నర చాలు. మొదట పెద్ద పెద్ద బుడగలు, తర్వాత తెల్లటి నురగ, ఆపైన మెత్తటి మేఘం. విస్క్ పైకెత్తితే కొన నిలబడి, చివర కొంచెం వంగాలి. అక్కడ ఆపేయాలి. ఇంకా కొడితే దూదిలా విడిపోయి, పిండిలో కలవనని మొండికేస్తుంది.

నానిన పిండిలో బేకింగ్ పౌడర్ చల్లి కలపండి. నురగలో మూడో వంతు వేసి మామూలుగానే కలిపేయండి, పిండి తేలికపడుతుంది. మిగతాది వేశాక గరిటెని గిన్నె అడుగు నుంచి పైకి తిప్పుతూ నిదానంగా కలపాలి. అక్కడక్కడా తెల్ల చారలు మిగిలినా ఫర్వాలేదు.

కాల్చడం

మధ్యలో ఒక గుంటగరిటె పిండి పోయండి. సుమారు 120 మి.లీ. అంచుల దాకా మీరు పరచక్కర్లేదు, మూత బరువుకి అదే వెళ్తుంది. మూత వేయండి. ఇక ముట్టుకోకండి.

మొదటి రెండు నిమిషాలు పక్కల నుంచి ఆవిరి బుస్సుమని వస్తుంది. ఈ సమయంలో మూత తెరిస్తే కింది సగం కింద, పై సగం పైన అంటుకుని వాఫుల్ నిలువునా చీలుతుంది. మూడు, నాలుగు నిమిషాలకి ఆవిరి సన్నబడుతుంది. మెషీన్ మీద లైటు ఏం చెప్పినా సరే, ఆవిరి దాదాపు ఆగేదాకా నేను ఆగుతాను. లైటుని మైదా వాఫుల్స్ లెక్కన పెడతారు. బియ్యప్పిండి అంత త్వరగా ఎర్రబడదు కాబట్టి ఒకటి రెండు నిమిషాలు అదనంగా పడుతుంది. మొత్తం ఐదారు నిమిషాలు అనుకోండి. మూత కొంచెం ఎత్తి చూసినప్పుడు బిగుసుకున్నట్టు అనిపిస్తే లాగొద్దు, ఇంకో నిమిషం ఇవ్వండి. కాలినది దానంతటదే వదులుతుంది.

రంగు తేనెలా, అంచులు ఇంకొంచెం ముదురుగా ఉండాలి. తీయగానే మెత్తగా అనిపించి కంగారు పడతారు. నిమిషం గాలి తగిలితే బిగుస్తుంది. కాకపోతే పళ్ళెంలో పెట్టకండి, కింద ఆవిరి పట్టి తడిసిపోతుంది. స్టీలు జాలీ మీద, దాని కింద గాలి ఆడేలా పెట్టాలి. ఒకదాని మీద ఒకటి పేర్చడం, హాట్‌ప్యాక్‌లో వేసి మూత పెట్టడం రెండూ తప్పే. అందరికీ ఒకేసారి వడ్డించాలంటే ఓవెన్ 100 డిగ్రీల దగ్గర పెట్టి, లోపలి జాలీ మీద విడివిడిగా ఉంచండి.

మొదటి వాఫుల్ దాదాపు ఎప్పుడూ తేలిపోతుంది, మొదటి దోసె లాగే. దాన్ని చూసి పిండి సర్దుకోండి. లోపల జిగటగా ఉంటే ఇంకో నిమిషం కాల్చాలి. గట్టిగా, బరువుగా ఉంటే రెండు చెంచాల పాలు కలపాలి. అంటుకుంటే మెషీన్ ఇంకా కాగలేదనో, నూనె తగ్గిందనో అర్థం. నాలుక మీద సబ్బులాంటి చేదు తగిలితే బేకింగ్ పౌడర్ ఎక్కువైంది.

గుడ్డు తినని ఇంట్లో

గుడ్డు తీసేసి పెరుగో, అరటిపండో పెట్టమని చాలామంది చెబుతారు. మెత్తగా, తడితడిగా వస్తుంది. నాకు తృప్తి కలగలేదు. దానికన్నా మనింట్లో రోజూ పొంగే పిండినే నమ్ముకోండి. మినప్పప్పు రుబ్బినప్పుడు వచ్చే జిగురు, పులిసినప్పుడు పుట్టిన గాలిని పట్టి ఉంచుతుంది. గ్లూటెన్ చేసే పని అదే కదా.

రాత్రంతా పులిసిన ఇడ్లీ పిండి రెండు కప్పులు తీసుకోండి. నీళ్ళు కలపొద్దు. రెండు పెద్ద చెంచాల బియ్యప్పిండి, రెండు పెద్ద చెంచాల నూనె వేసి, పొంగు అణగకుండా కలిపి మెషీన్‌లో పోయండి. ఆరేడు నిమిషాలు కాలనివ్వండి. పైన గారెలా కరకర, లోపల ఇడ్లీ. సన్నగా తరిగిన ఉల్లిపాయ, కరివేపాకు, జీలకర్ర వేస్తే ఇంకేమీ అక్కర్లేదు. ఇంగువ మాత్రం వేసే ముందు డబ్బా తిప్పి చదవండి. షాపుల్లో దొరికే ఇంగువలో చాలావాటికి గోధుమ పిండి కలుపుతారు. ఈ ఒక్క విషయం తెలియక మేము మూడు నెలలు చారు తాలింపులో ఇంగువ వేసి పాపకి పెట్టాం.

పెసరట్టు పిండితోనూ వస్తాయి. కప్పు పెసలకి రెండు చెంచాల బియ్యం కలిపి ఐదారు గంటలు నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చితో చిక్కగా రుబ్బండి. ఇది పులవదు కాబట్టి అర టీస్పూను బేకింగ్ పౌడర్, రెండు పెద్ద చెంచాల నూనె, తగినంత ఉప్పు కలపాలి. అల్లం పచ్చడి ఆ గళ్ళలో నిండి కూర్చుంటుంది. వేడిగానే తినేయాలి, చల్లారితే గట్టిపడుతుంది.

పైన ఏం పోయాలి

మేపుల్ సిరప్ దొరికితే సరే. నేను బెల్లం పాకం చేస్తాను. 100 గ్రాముల బెల్లానికి 60 మి.లీ. నీళ్ళు పోసి కరిగించి, మట్టి లేకుండా వడకట్టి, మళ్ళీ పొయ్యి మీద పెట్టి నాలుగైదు నిమిషాలు మరగనివ్వాలి. వేళ్ళ మధ్య జిగురుగా అంటితే చాలు. తీగ పాకం వస్తే చల్లారాక గట్టిపడి పోయడానికి రాదు. దించాక ఒక చెంచా నెయ్యి, చిటికెడు ఉప్పు. అనకాపల్లి బెల్లం దొరికితే పాకం రంగు చూడముచ్చటగా ఉంటుంది. దాని మీద చక్రకేళి అరటిపండు చక్రాలు, ఎండాకాలంలో అయితే మామిడి ముక్కలు. పాకం తినే ముందే పోయాలి. చాక్లెట్ స్ప్రెడ్ పెట్టాలనుకుంటే లేబుల్ చదవండి, మాల్ట్ అని ఉంటే అది బార్లీ. జామ్, వెన్న డబ్బాలు కూడా పాపకి వేరేగా పెట్టాం. బ్రెడ్ మీద రాసిన చెంచానే మళ్ళీ డబ్బాలో ముంచడం ఇంట్లో అందరికీ అలవాటు.

స్కూల్ రోజుల కోసం

వారం మధ్యలో ఇదంతా కుదరదు. ఆదివారం రెట్టింపు పిండి కలిపి, మిగిలినవి జాలీ మీద పూర్తిగా చల్లార్చి, ఒకదానికొకటి తగలకుండా ఫ్రీజర్‌లో రెండు గంటలు గట్టిపడనిచ్చి, తర్వాత జిప్ కవర్లో వేస్తాను. నెల రోజుల దాకా బాగుంటాయి. తినే రోజు కరగబెట్టక్కర్లేదు, 180 డిగ్రీల ఓవెన్‌లో ఏడెనిమిది నిమిషాలు, లేదా మూత పెట్టకుండా పెనం మీద సన్నటి మంటన రెండువైపులా. మైక్రోవేవ్‌లో పెడితే రబ్బరులా సాగుతాయి. అందరి బ్రెడ్డూ వేసే టోస్టర్‌లో మాత్రం వేయకండి, దాని నిండా బ్రెడ్ పొడే.

డబ్బాలో పెట్టేటప్పుడు వేడి పూర్తిగా తగ్గాక పేపర్ న్యాప్‌కిన్ పరిచి పెట్టండి, పాకం చిన్న సీసాలో వేరేగా. మా అమ్మాయి రెండు వాఫుల్స్ అడుగుతుంది, తనకొకటి, ఆ పుట్టినరోజు ఫ్రెండ్‌కొకటి.